పాఠకుడు రెండుసార్లు చదివే వాక్యం

(కొత్తగా కథలు రాస్తున్నవారి కోసం జరిగిన కార్యశాలలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

పొద్దుటి నుంచి కథ ఎత్తుగడ గురించి, ముగింపు గురించి విన్నారు. ఈ గంట కథ పేరు గురించి. రెండు మూడు మాటల కోసం గంటసేపా అని మీలో కొందరికి అనిపిస్తూ ఉండొచ్చు. మూడు వేల మాటల కథలో పాఠకుడు ఎలాగైనా రెండుసార్లు చదివేది ఆ రెండు మూడు మాటలనే. కథలోకి వెళ్లేముందు ఒకసారి చదువుతాడు. ఆఖరి వాక్యం అయ్యాక కన్ను దానంతటదే పేజీ పైకి వెళుతుంది, అప్పుడు మళ్లీ చదువుతాడు. మొదటిసారి ఆ పేరు ఏం చెప్పింది, రెండోసారి ఏం చెప్పింది, ఈ రెంటికీ తేడా ఎంత? ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

శీర్షికను మనవాళ్లు మకుటం అని కూడా అంటారు. శతకంలో మకుటం ఎక్కడుంటుంది? పద్యం చివర. మూడు పాదాల్లో చెప్పాల్సింది చెప్పి నాలుగో పాదంలో ‘విశ్వదాభిరామ వినుర వేమ’ అనగానే చెప్పినదంతా అక్కడికొచ్చి కూర్చుంటుంది. కథకు మకుటాన్ని పైన అచ్చు వేస్తాం గానీ, దాని అసలు పని పద్యంలో లాగే చివరే మొదలవుతుంది. పైనే ఉంది కదా అని చాలామంది దాన్ని దుకాణం బోర్డులా రాస్తారు. లోపల ఏం దొరుకుతుందో చెప్పేసే బోర్డు.

ముందు, పేరు ఎప్పుడు పెట్టాలి? పురుడు వెళ్లాకే కదా బారసాల. అప్పటిదాకా బిడ్డను బుజ్జి అనో చిట్టి అనో పిలుచుకుంటాం. కథకూ అలాంటి పిలుపు పేరు ఒకటి చాలు. ‘బావి కథ’, ‘మేనత్త కథ’, ‘బస్టాండు కథ’. కంప్యూటర్లో ఫైలుకు ఆ పేరే ఉంచండి. మొదటి వాక్యం రాయకముందే పెద్ద పేరు కుదిరిపోతే ఒక ప్రమాదం ఉంది. పైన ‘ప్రతీకారం’ అని రాసుకుని కూర్చున్నవారికి ప్రతి సన్నివేశం అటువైపే ఒరుగుతుంది. పాత్ర మధ్యలో క్షమించాలనుకున్నా కలం ఒప్పుకోదు. పేరే ముందు తట్టి, దానిలోంచే కథ పుట్టడమూ ఉంది. అప్పుడు కూడా చిత్తుప్రతి పూర్తయ్యాక ఆ పేరును మళ్లీ పరీక్షకు పెట్టాల్సిందే.

చిత్తుప్రతి పూర్తయ్యాక రెండు మూడు రోజులు పక్కన పెట్టండి. తర్వాత కాగితం మీద ప్రింటు తీసి, పెన్సిలు పట్టుకుని కూర్చోండి. నాలుగు రకాల మాటల కింద గీతలు గీయాలి. ఒకటి, కథలో మూడుసార్లో అంతకన్నా ఎక్కువో కనిపించే వస్తువులు. రెండు, పాత్రలు ఒకసారి కన్నా ఎక్కువగా అన్న మాటలు, లేదా ఒకరు అన్నది ఇంకొకరు తిరిగి అన్న మాటలు. మూడు, చోట్ల పేర్లు, వేళలు. నాలుగు, చివరి పేరాలో ఉన్న నామవాచకాలన్నీ. ఇప్పుడు వేరే కాగితం మీద ఈ గీతల్లోంచి ఇరవై పేర్లు రాయండి. ఇరవై ఎందుకంటే, మొదటి ఆరేడు ఎవరికైనా తట్టేవే. పదో పేరు దగ్గర చెయ్యి ఆగిపోతుంది. అక్కడ లేచి వెళ్లిపోకుండా మళ్లీ ప్రింటు దగ్గరికి వెళ్లి చదివితే, అప్పుడు మీ కథలో మాత్రమే ఉన్నవి బయటికొస్తాయి.

ఒక కథ తీసుకుని చేసి చూద్దాం. ఈ గంట కోసం అల్లిన కథ ఇది. చిన్న ఊరు. ఏడో తరగతిలో చేరిన ఒక అమ్మాయి. వాళ్లమ్మ నీలం యూనిఫారం గుడ్డ తెచ్చి దర్జీకి ఇస్తూ, లంగా కింద మడత బాగా పెద్దదిగా పెట్టమంటుంది. పెరిగే పిల్ల, ఏటా కొత్తది కుట్టించే స్తోమతు లేదు. దర్జీ బెత్తెడు మడత లోపలికి వేసి కుడతాడు. మరుసటేడు కుట్టు విప్పి కొంత దించుతాడు, పై ఏడు ఇంకొంత. దించిన ప్రతిసారీ తల్లి కంగారుగా చూస్తుంటే, మడత లోపలికి వేళ్లు పెట్టి చూసి ‘ఇంకా గుడ్డ ఉందమ్మా’ అంటాడు. ఎండకూ ఉతుకులకూ పైభాగం వెలిసిపోతుంది, మడతలో దాగిన గుడ్డ వెలవదు. అందుకని దించినచోటల్లా ముదురు నీలం పట్టీ కనిపిస్తుంది. బళ్లో పిల్లలు ఆ పట్టీలు లెక్కపెట్టి ఏడిపిస్తారు. పదో తరగతి మొదట్లో తల్లి మళ్లీ ఆ లంగా పట్టుకొచ్చి దర్జీ ముందు పెడుతుంది. ఇంట్లో అప్పటికే పెళ్లి మాటలు నడుస్తున్నాయి. దర్జీ కుట్టు విప్పి, వేళ్లు పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా గుడ్డను బల్ల మీద సాపు చేస్తాడు. కథ అక్కడ ఆగుతుంది.

దీనికి పేరేమిటి? మొదట తట్టేది ‘పేదరికం’. ఇది కథ పేరవదు, వ్యాసం పేరవుతుంది. ఇలాంటి కథలు వెయ్యి ఉంటే వెయ్యింటికీ అతుకుతుంది. రెండోది ‘ఆగిన చదువు’. రచయిత రాయకుండా వదిలేసిన ముగింపును పేరు ముందే చెప్పేసింది. దర్జీ మౌనం దేనికో పాఠకుడు వెతుక్కోవాల్సిన పని లేకుండా పోయింది. మూడోది ‘ఆశల మడతలు’. దీని సంగతి కాసేపాగి చెబుతాను, ఇది ఒక జబ్బు. నాలుగోది ‘లంగా’. వస్తువు పేరే, కానీ ఒట్టిగా పైన కనిపిస్తే కొందరికి తిట్టు గుర్తొస్తుంది, కథలోకి వచ్చే మనసు ముందే పక్కదారి పడుతుంది.

ఐదోది ‘మూడు పట్టీలు’. ఇది నయం. కంటికి కనిపించేది, లెక్క ఉన్నది. కానీ పట్టీలు అనగానే మన ఇళ్లల్లో కాళ్ల పట్టీలు గుర్తొస్తాయి. పోనీ ‘మూడు గీతలు’ అందామా? తెలుగు పాఠకుడికి వెంటనే ఉడుత కనిపిస్తుంది, రాముడు వీపు నిమిరిన ఉడుత. మీ కథలో ఉడుతాభక్తికి చోటు లేకపోతే పాఠకుడు చివరిదాకా రాని దానికోసం ఎదురుచూస్తాడు. ఆరోది ‘చివరి మడత’. ‘చివరి’ అన్న మాట మళ్లీ ముగింపును పట్టిస్తోంది. పైగా ‘మడత’కు ఈమధ్య ఒక సినిమా పాట వల్ల వేరే స్ఫురణ అంటుకుంది. పదేళ్ల తర్వాత అది పోవచ్చు, ఇవాళ మాత్రం ఉంది. పేరు పెట్టేటప్పుడు ఆ మాటకు వీధిలో ఏ అర్థం నడుస్తోందో చూసుకోవాలి. మీకు తెలియకపోతే ఇంట్లో పద్దెనిమిదేళ్ల పిల్లల్ని అడగండి.

ఇప్పుడు గీతలు గీసిన రెండో రకానికి రండి, పాత్రలు మళ్లీ మళ్లీ అన్న మాట. ‘ఇంకా గుడ్డ ఉంది’. మొదటిసారి చదివినప్పుడు ఇది దర్జీ దుకాణంలో ఎవరైనా అనే మామూలు మాట. ఏ గుడ్డ, ఎవరి కోసం అన్న చిన్న ఆరా మాత్రం కలుగుతుంది. కథలో దర్జీ ఆ మాట రెండుసార్లు అంటాడు. మూడోసారి అనాల్సిన చోట అనడు. పాఠకుడు పేజీ పైకి చూస్తాడు. అక్కడ ‘ఇంకా గుడ్డ ఉంది’ అని ఉంటుంది. దర్జీ అనలేకపోయిన మాట పైన అచ్చులో ఉంది, అదిప్పుడు నిజం కాదు. పేరు మారలేదు, దాని అర్థం మారింది. ఇలా కుదిరినప్పుడు చివర ఒక్క వాక్యం కూడా అదనంగా రాయక్కర్లేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ పేరు పెట్టాక చిత్తుప్రతిలోకి వెళ్లి దర్జీ ఆ మాట సరిగ్గా ఎన్నిసార్లు అన్నాడో చూడాలి. నాలుగైదుసార్లు అంటే పాఠకుడు ముందే పసిగడతాడు. ఒక్కసారే అంటే చివర లోటు తెలియదు. రెండుసార్లు సరిపోతుంది. పేరు కుదిరాక కథను దానికి తగ్గట్టు సవరించుకోవడం తప్పు కాదు, చేయాల్సిన పనే.

ఇక మన కథాసాహిత్యంలో నిలిచిన పేర్లు కొన్ని దగ్గరగా చూద్దాం.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘వడ్లగింజలు’. చదరంగం చుట్టూ తిరిగే కథ అది. పేరులో చదరంగం లేదు, రాజు లేడు, గెలుపు లేదు. ‘వడ్లగింజలో బియ్యపుగింజ’ అని మనకో సామెత, చాలా తేలిక విషయం అని చెప్పడానికి. ఆ తేలికతోనే పేరు మొదలవుతుంది. తర్వాత కథలో బహుమానంగా అడిగేది చదరంగం మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ అరవై నాలుగో గడి దాకా. పదో గడిలో 512 గింజలే. ఇరవయ్యో గడికి 5,24,288. మొత్తం కలిపితే ఇరవై అంకెల సంఖ్య వస్తుంది. అన్ని వడ్లు ఏ సంస్థానం గాదెల్లోనూ ఉండవు. మొదటిసారి చదివినప్పుడు గుప్పెట్లో పట్టే పేరు, రెండోసారి చదివినప్పుడు రాజ్యంలో పట్టని పేరు. అదే కథకు ‘చదరంగం’ అని పెట్టి ఉంటే? ఎత్తులు పైఎత్తులు అన్న పాత స్ఫురణ తప్ప ఏమీ మిగిలేది కాదు. వస్తువు పేరు పెట్టాలనుకున్నప్పుడు కథలో పెద్దగా కనిపించే వస్తువును వదిలి, చిన్నగా కనిపించి పెద్దపని చేసే వస్తువును వెతకమనేది ఇందుకే.

పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’. ఇల్లలకగానే పండగ కాదు అన్న సామెతలో సగం ఇది. మిగతా సగం మనకు నోటికొచ్చు కాబట్టి రచయిత్రి రాయలేదు. దీని కిందే ఇంకోటి ఉంది. చిన్నప్పుడు అందరం విన్న కథ, ఇల్లలుకుతూ తన పేరు మరిచిపోయిన ఈగ కథ. సత్యవతి గారి కథలో ఇల్లు దిద్దుకుంటూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలు ఉంది. పేరులో ఈగ లేదు, పేరు మరవడమూ లేదు. సామెత కోసం అనుకుని లోపలికి వెళితే ఈగ దగ్గర తేలతాం. వ్యాకరణం కూడా చూడండి. ‘అలకగానే’ అసమాపక క్రియ. వాక్యం పూర్తి కాదు. తెలుగులో ‘-గానే’, ‘-తే’, ‘-తూ’, ‘-దాకా’ అని ఆగిపోయే మాట ఉంటే మన చెవి తర్వాతి మాట కోసం ఆగుతుంది. కొన్ని భాషల్లో ఈ సౌకర్యం ఇంత సులువుగా ఉండదు. మన కథకులు దీన్ని ఇంకా ఎక్కువ వాడుకోవచ్చు.

కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’. ‘పేదరికం’ లాంటి ఒంటిమాట వద్దని ఇందాకే చెప్పి, ఇప్పుడు ఒంటిమాట పేరునే మెచ్చుకుంటున్నానేమిటి అని అడగొచ్చు. తేడా ఉంది. పేదరికం ఒక స్థితి, యజ్ఞం ఒక పని. దానికి హోమగుండం ఉంటుంది, చేసేవాళ్లు ఉంటారు, బలి ఉంటుంది. ఆ కథలో ఊరి పెద్దలు కూర్చుని అప్పు తగువు తీరుస్తారు. వాదాలు, లెక్కలు, న్యాయం, ధర్మం పేజీలకు పేజీలు నడుస్తాయి. ఎక్కడా యజ్ఞం జరగదు. చివర ఒక తండ్రి తన పసిబిడ్డను తన చేత్తోనే చంపుకుంటాడు, తనలా వాడు పాలేరు కాకూడదని. అప్పుడు పేరు వైపు చూస్తే ఇంతసేపు జరిగిన పంచాయితీ అంతా యజ్ఞంలా కనిపిస్తుంది. పవిత్రమైన మాటను అక్కడ నిలబెట్టడంలో రచయిత తీర్పు మొత్తం ఉంది, కథలో మాత్రం ఆయన ఎక్కడా తీర్పు చెప్పలేదు. ఒంటిమాట పెట్టాలనుకుంటే ఇలా మనసులో బొమ్మ కట్టే మాట ఎంచుకోండి.

పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ మీకందరికీ తెలిసిందే. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో 1952లో రెండో బహుమతి తెచ్చిన కథ. అందులో గాలివాన నిజంగా వస్తుంది. పేజీల తరబడి వీస్తుంది, స్టేషను గదిని కుదిపేస్తుంది. దానితోపాటు కథానాయకుడు రావుగారి నియమాలూ కుదేలవుతాయి. పోలిక పనిచేయాలంటే ముందు అది కథలో నిజమైన వస్తువై ఉండాలి. కథలో ఎక్కడా చినుకు పడకుండా, భార్యాభర్తల గొడవకు ‘తుఫాను’ అని పేరు పెడితే అది పాఠకుడిని మోసగించడమే. అబ్బూరి ఛాయాదేవి గారి ‘బోన్‌సాయ్ బ్రతుకు’లో కూడా కుండీలో మొక్క కళ్లెదుట ఉంటుంది. అందుకే ‘బ్రతుకు’ అన్న బరువైన మాటను ఆ పేరు మోయగలిగింది.

చోటు పేర్లలో దేవరకొండ బాలగంగాధర తిలక్ గారి ‘ఊరి చివర ఇల్లు’ చూడండి. పోస్టుమేన్‌కు చెప్పే గుర్తులా ఉంది. కానీ ఊరి చివర ఇల్లు అంటే ఊరు తనలో కలుపుకోని ఇల్లని మన పల్లెలు తెలిసినవారికి వేరే చెప్పక్కర్లేదు. మూడు మామూలు మాటలు. ఒక్క సంస్కృత సమాసం లేదు.

చాసో (చాగంటి సోమయాజులు) గారు తన కథకు ‘వాయులీనం’ అని పేరు పెట్టారు. మన ఇళ్లల్లో దాన్ని ఫిడేలనో వయొలిననో అంటాం. భార్య ప్రాణం దక్కించుకోవడానికి ఆ వాద్యాన్ని అమ్ముకున్న ఇల్లు అది. ఇప్పుడు ఆ మాటను విడదీసి చూడండి. వాయువులో లీనం. ‘ఫిడేలు’ అని పెడితే వస్తువు మాత్రమే ఉండేది. ఈ పేరులో వస్తువూ ఉంది, అది పోవడమూ ఉంది. వాడుకమాట కన్నా గ్రాంథికమైన మాట మేలయ్యే సందర్భాలు అరుదు, ఇది అలాంటిది. దీనికి ఎదురుగా బండి నారాయణస్వామి గారి ‘సావుకూడు’. దాన్ని ‘చావుకూడు’ అని సరిదిద్దితే రాయలసీమ నోరు పోతుంది. కథనం మాండలికంలో ఉంటే పేరూ అందులోనే ఉండనివ్వండి. కథంతా పత్రికల భాషలో రాసి, పేరు ఒక్కటే యాసలో పెడితే మాత్రం పెళ్లికి అద్దె బట్టలు తెచ్చినట్టుంటుంది.

ఇందాక వాయిదా వేసిన జబ్బు సంగతి. ‘ఆశల’ ఏదో, ‘కన్నీటి’ ఏదో, ‘మమతల’ ఏదో, ‘బతుకు’ ఏదో. మొదటి మాట ఒక ఉద్వేగం, రెండోది ఒక వస్తువు: తీరం, కెరటం, కోవెల, పల్లకి, బాట, పుస్తకం. దీన్ని పట్టుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. రెండో మాట తీసేసి ఇంకో వస్తువు పెట్టండి. కన్నీటి తీరం, కన్నీటి కెరటం, కన్నీటి బాట. ఏది పెట్టినా కథకు తేడా రావడం లేదంటే ఆ పేరులో ఏమీ లేదని అర్థం. ‘వడ్లగింజలు’ తీసేసి ‘కందిగింజలు’ పెట్టి చూడండి, సామెత పోతుంది, గాదె పోతుంది. పేరులో ఏ మాట తీసినా ఏదో ఒకటి తెగాలి.

ఇంకో రకం, తీర్పు పేర్లు. కనువిప్పు, గుణపాఠం, మారిన మనిషి, తగిన శాస్తి. వీటిలో పాఠకుడు చేయాల్సిన పని రచయిత చేసేశాడు. మరి గురజాడ వారి ‘దిద్దుబాటు’ అలాంటిదే కదా అంటారు. 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన ఆ కథలో ఆ మాట ఎలా నడుస్తుందో గమనించండి. దిద్దడం బడి మాట. పలక మీద అక్షరాలు దిద్దిస్తాం. దిద్దించేది పంతులు, దిద్దేది పిల్లవాడు. ఆ కథలో చదువుకున్న మొగుణ్ని ఒక ఉత్తరం ముక్కతో దిద్దింది ఇల్లాలు. ఎవరు ఎవరిని దిద్దాలి అన్న అలవాటును ఆ పేరు తిరగేసింది. పైగా గొప్పగా ‘సంస్కరణ’ అనకుండా తప్పు రాసిన అక్షరాన్ని సరిచేసినంత తేలిగ్గా ‘దిద్దుబాటు’ అన్నారు.

విరామచిహ్నాల గురించి రెండు మాటలు చాలు. పేరు చివర చుక్కలు, ఆశ్చర్యార్థకాలు పెట్టకండి. సగం వాక్యంగా ఆగిన పేరుకు చుక్కలున్నా లేకపోయినా ఒకటే. పూర్తయిన పేరుకు చుక్కలు పెడితే ఇక్కడ లోతుంది చూడండి అని వేలుపెట్టి చూపించినట్టు ఉంటుంది.

మీ ఇరవైలోంచి మూడు మిగిలాక వాటిని మనుషుల మీద పరీక్షించండి. కథ చదవని ఒకరికి పేరు మాత్రమే చెప్పి, ఇది దేని గురించిన కథ అనుకుంటున్నారో అడగండి. తప్పు జవాబొస్తే ఫరవాలేదు. మీ ముగింపే జవాబుగా వస్తే ఆ పేరు కొట్టేయండి. కథ చదివినవారిని వారం తర్వాత పేరు అడగండి. ‘అదేనండి, ఆ దర్జీ కథ’ అన్నారంటే పేరు కథకు అతకలేదు. మూడో పరీక్ష, పేరును ఫోన్లో చెప్పి చూడండి. అక్షరాలు విడమర్చి చెప్పాల్సి వస్తే ఇబ్బందే. సభల్లో, రేడియోలో, యూట్యూబు కథాపఠనాల్లో పేరు చెవికే ముందు చేరుతుంది.

ఆ పేరుతో ఇంతకు ముందు కథ ఉందేమో చూసుకోవాలి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం ‘కథానిలయం’ వెబ్‌సైట్‌లో కథ పేరుతో వెతకొచ్చు. ‘మార్పు’, ‘అమ్మ’, ‘తీర్పు’ లాంటివి పెట్టి చూడండి, ఎంతమంది మీకన్నా ముందు అక్కడికి వెళ్లారో తెలుస్తుంది. చట్టం సంగతి అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను. ఒట్టి పేరుకు కాపీరైటు ఉండదు. ‘దేశీ బాయ్స్’ అనే కథా సంగ్రహం పేరును సినిమాకు వాడుకున్నారన్న కేసులో 2015లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. శీర్షిక దానంతట అది 1957 కాపీరైట్ చట్టం కింద ‘రచన’ అనిపించుకోదు. కాబట్టి అదే పేరు మీరు పెడితే సాధారణంగా కాపీరైటు కింద దావా నిలవదు. కానీ బాగా తెలిసిన కథ పేరు పెట్టుకుంటే పాఠకుడు ఆ కథను వెంటబెట్టుకునే మీ కథలోకి వస్తాడు. తెలిసి చేస్తే అదొక పద్ధతి, తెలియక చేస్తే నష్టం మీకే.

పంపేటప్పుడు జరిగే పొరపాట్లు చిన్నవే కానీ కథలు పోయేది వీటివల్లే. పోటీలకు పంపే కథ మీద రచయిత పేరు ఉండకూడదంటారు, ఆ పేరు, కథ సొంతదేనని రాసిచ్చే హామీపత్రం మీదే ఉంటుంది. అంటే మీ కథను మీతో కలిపేది శీర్షిక ఒక్కటే. ఆఖరి నిమిషంలో కథ మీద పేరు మార్చి హామీపత్రం మీద మార్చకపోతే ఆ కథ ఎవరిదో తెలియదు. కథ పైన, హామీపత్రంలో, ఫైలు పేరులో, మెయిలు సబ్జెక్టు వరుసలో, నాలుగు చోట్లా ఒకే పేరు ఒకే వర్ణక్రమంతో ఉండాలి.

వర్ణక్రమం అంటే ఇంకోటి. ‘బోన్‌సాయ్’ అని రాస్తే న పొల్లుకూ సాకూ మధ్య కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. అది లేకుండా కొడితే ‘బోన్సాయ్’ అవుతుంది. కంప్యూటరుకు అవి రెండు వేర్వేరు మాటలు. ఇంటర్నెట్ పత్రికలో పాఠకుడు ఒకలా వెతికి, మీ కథ ఇంకోలా ఉంటే దొరక్కపోవచ్చు. ‘ఇల్లలకగానే’, ‘ఇల్లు అలకగానే’ కూడా అంతే. సంధి కలిపారో విడదీశారో ఒకటి నిర్ణయించుకుని అంతటా అదే వాడండి. ‘అను’ అనే తెలుగు ఫాంటులో టైపు చేసినదాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు పొల్లులు, ఒత్తులు చెదురుతుంటాయి. కథంతా సరిచూసి పెద్దక్షరాల్లో ఉన్న పేరును చూడకుండా పంపేవాళ్లు ఎక్కువ. కన్ను పెద్దక్షరాల్లో తప్పును తేలిగ్గా దాటేస్తుంది.

అచ్చు పత్రికలో పేరు రెండు వరుసలు అయ్యేంత పొడుగైతే ఎక్కడ విరగాలో మీరే చెప్పండి. ‘ఊరి చివర’ ఒక వరుస, ‘ఇల్లు’ ఒక వరుస అయితే ఇల్లు నిజంగానే చివర పడుతుంది. ‘ఊరి’ దగ్గర విరిస్తే ఆ అందం ఉండదు. పై వరుసలో స్త్ర, క్ష్మ లాంటి కిందికి దిగే ఒత్తులుంటే కింది వరుసలో గుడులకు తగిలి అక్షరం చదవరాకుండా పోతుంది. పేజీ పెట్టేవారు సర్దుతారు గానీ, రెండు పేర్ల మధ్య ఊగుతున్నప్పుడు ఇది కూడా చూసుకోవచ్చు.

సంపాదకులు పేరు మారుస్తామంటే వెంటనే నొచ్చుకోకండి. ఎందుకు అని అడగండి. అదే సంచికలో అలాంటి పేరుతో ఇంకో కథ ఉందంటే ఒప్పుకోవచ్చు. ‘పాఠకులకు అర్థం కాదు’ అంటే మాత్రం మీ పేరు రెండోసారి చదివినప్పుడు ఏం చేస్తుందో వారికి వివరించండి. వివరించడానికి మీ దగ్గర జవాబు లేకపోతే వారు చెప్పింది నిజమేమో ఆలోచించండి.

మీరందరూ ఒక్కొక్క కథ తెచ్చుకున్నారు కదా. దాని మీద పేరు పూర్తిగా కొట్టేయండి, కింద అక్షరం కనిపించకూడదు. మీ కుడిపక్కన కూర్చున్నవారికి ఇవ్వండి. ఇరవై నిమిషాలు సమయం. చదివి, పెన్సిలుతో ఆ నాలుగు రకాల మాటల కింద గీతలు గీయాలి, పేరు మాత్రం సూచించకూడదు. కాగితం తిరిగి మీ చేతికొచ్చాక, మీరు కొట్టేసిన పేరులోని ఒక్క మాట కిందైనా వారు గీత గీశారేమో చూసుకోండి. పెన్సిళ్లు వెనక బల్ల మీద ఉన్నాయి.